44 వాట్సా 170 వాట్సా తర్వాత, ముందు నీ క్యాబ్ ఎన్ని ఓమ్సో తేల్చు తమ్ముడూ

నువ్వడిగింది ఇదీ. చేతిలో హెచ్‌ఎక్స్ స్టాంప్ ఉంది, అదే రకరకాల యాంప్‌ల సౌండ్‌ని నకలు చేసే మోడెలర్ పెడల్, సెకండ్ హ్యాండ్‌లో రెండు 12 అంగుళాల స్పీకర్లున్న గిటార్ క్యాబ్ (స్పీకర్ పెట్టె) ఒకటి దొరికింది, వెనక లేబుల్ చిరిగిపోయి ఏం కనిపించట్లేదు, డ్రమ్స్ బేస్ కీబోర్డ్ ఉన్న బ్యాండ్, హైదరాబాద్‌లో 60, 80 మంది పట్టే కెఫేల్లో వాయిస్తున్నారు, ఆదివారం చర్చ్‌లో కూడా వాయిస్తావు. ఇప్పుడు పెడల్‌బోర్డ్ మీద పట్టే పవర్ యాంప్, అంటే సిగ్నల్‌ని స్పీకర్ నడిపేంత పెంచేది, ఒకటి కొనాలి, 44 వాట్స్ చాలా, 170 కావాలా, 200 ఐతే ఇంకా మంచిదా అని.

ఎవరైనా ముందు వాట్సే అడుగుతారు, నేనూ అదే అడిగేవాణ్ణి, రెండు యాంప్‌లు తప్పు కొన్నాక బుద్ధొచ్చింది. పెట్టె మీద రాసిన వాట్స్ నంబర్ పక్కన చిన్న అక్షరాల్లో ఓమ్స్ అని ఒకటుంటుంది చూడు, స్పీకర్ కరెంట్‌కి ఎంత అడ్డుపడుతుందో చెప్పే నంబర్ అది, అసలు కథంతా అక్కడే ఉంది. సీమోర్ డంకన్ పవర్‌స్టేజ్ 170 ఉంది కదా, ఆ 170 అనేది 4 ఓమ్స్ క్యాబ్ తగిలిస్తేనే. అదే 8 ఓమ్స్ క్యాబ్ పెడితే దాదాపు సగం, 80 చిల్లర. 16 ఓమ్స్ క్యాబ్ పెట్టావనుకో, ఇంకో సగం పోయి 40 దగ్గర ఆగుతుంది. ఎలక్ట్రో హార్మోనిక్స్ 44 మాగ్నమ్ 8 ఓమ్స్ దగ్గరే 44 వాట్స్ ఇస్తుంది. అంటే 16 ఓమ్స్ క్యాబ్ ఉన్నవాడు 170 కొన్నా, 8 ఓమ్స్ క్యాబ్ ఉన్నవాడు 44 కొన్నా చివరికి ఇద్దరికీ స్పీకర్ దాకా వచ్చేది ఇంచుమించు ఒకటే. లేబుల్ లేని క్యాబ్ పక్కన పెట్టుకుని వాట్స్ గురించి ఆలోచించడం అంటే పిల్లవాడు ఎంత ఎత్తో చూడకుండా బట్టలు కుట్టించడమే.

రివర్స్‌లో తప్పు చేస్తే ఇంకా ప్రమాదం. ట్రాన్సిస్టర్ యాంప్‌లకి, ఈ క్లాస్ డీ అనే తేలికపాటి ట్రాన్సిస్టర్ రకం పెడల్స్ అన్నిటికీ, ఒక మినిమమ్ ఓమ్స్ ఉంటుంది, అంతకన్నా ఎక్కువ ఓమ్స్ పెడితే సౌండ్ తగ్గుతుంది అంతే, తక్కువ పెడితే యాంప్ మీద లోడ్ ఎక్కువై వేడెక్కి ప్రొటెక్షన్‌లోకి పోతుంది, అదృష్టం బాగుంటే మళ్ళీ లేస్తుంది, లేకపోతే లేవదు. 44 మాగ్నమ్‌కి 8 కన్నా తక్కువ పెట్టకూడదు, నీ క్యాబ్ 4 ఓమ్స్ అని తేలితే అది నీకు పనికిరాదు, అక్కడితో ఆ ప్రశ్న ఐపోయింది. ట్యూబ్ (గాజు వాల్వ్‌లతో నడిచే) పవర్ యాంప్ కొనే ఆలోచన ఉంటే మాత్రం లెక్క మారుతుంది, దానికి ఓమ్స్ సెలెక్టర్ కరెక్ట్‌గా మ్యాచ్ చెయ్యాలి, స్పీకర్ తగిలించకుండా ఆన్ చేసి వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ఛాన్స్ ఉంది. బైక్ మీద గిగ్‌కి వెళ్ళేవాడివి, ట్యూబ్ బరువు మొయ్యమని నేను చెప్పను, పెళ్ళికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టుంటుంది.

సరే ఇప్పుడు వాట్స్. 44 నుంచి 170 అంటే నాలుగు రెట్లు అనిపిస్తుంది, కానీ చెవికి అది 6 డీబీ (డెసిబెల్స్, సౌండ్ కొలత). వాట్స్ డబుల్ ఐతే 3 డీబీ, మన చెవికి సౌండ్ రెట్టింపు ఐనట్టు అనిపించాలంటే 10 డీబీ దాకా కావాలి, అంటే పది రెట్లు వాట్స్. 170 బదులు 200 కొంటే వచ్చే తేడా ఒక్క డీబీ కూడా లేదు, దానికోసం డబ్బులు పెట్టకు. ఇందులోనే ఇంకో సంగతి ఉంది, స్పీకర్ సెన్సిటివిటీ. సెలెస్టియన్ వింటేజ్ 30 ఒక వాట్‌కి ఒక మీటర్ దూరంలో 100 డీబీ ఇస్తుంది, చౌక క్యాబ్‌లో వచ్చే పేరులేని స్పీకర్లు 95, 96 దగ్గర ఉన్నవి నేను చూశా. ఆ 4 డీబీ తేడా అంటే ఇంచుమించు రెండున్నర రెట్లు వాట్స్ అన్నమాట! యాంప్ మార్చకుండా స్పీకర్ మారిస్తేనే అంత వస్తుంది, ఈ లెక్క షాప్‌లో ఎవడూ చెప్పడు ఎందుకంటే వాడు అమ్మేది యాంప్.

మరి డ్రమ్మర్ ఉన్నాడు కాబట్టి ఎంత కావాలి అంటే, నా లెక్క ప్రకారం క్లీన్ టోన్ ఎంత వాడతావు అన్నదాన్ని బట్టి ఉంటుంది. డిస్టార్షన్ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, 40 వాట్స్‌తో కూడా డ్రమ్స్ మీద నిలబడుతుంది. క్లీన్ అలా కాదు, పిక్ తగిలిన క్షణంలో పెద్ద పీక్ ఒకటి వస్తుంది, దానికి ఖాళీ లేకపోతే యాంప్ నలిగిపోయి సౌండ్ చితికినట్టు వస్తుంది. చర్చ్‌లో నువ్వు వాయించేదంతా క్లీన్, పైన డిలే, రివెర్బ్, వాల్యూమ్ స్వెల్స్. అందుకే నీకు 8 ఓమ్స్ దగ్గర నిజంగా 80 వాట్స్ ఆ పైన ఇచ్చేది తీసుకో. పవర్‌స్టేజ్ 170 ఆ పని చేస్తుంది, దాని మీద బేస్ మిడ్ ట్రెబుల్ నాబ్‌లున్నాయి కాబట్టి స్టేజ్ మీద వంగి మోడెలర్ మెనూలు వెతుక్కోనక్కర్లేదు. ఆరెంజ్ పెడల్ బేబీ 100 కూడా మంచిదే, అది క్లాస్ ఏబీ అనే ఇంకో రకం ట్రాన్సిస్టర్ యాంప్, 8 ఓమ్స్‌కి 100 వాట్స్, కాకపోతే డంకన్ కన్నా సైజు పెద్దది, బోర్డ్ మీద జాగా కొలుచుకో. 44 మాగ్నమ్ చెడ్డదని కాదు, నాబ్ పైకెత్తితే అదే కాస్త గరగరలాడుతుంది, బ్లూస్ వాయించేవాడికి అదే ఇష్టం, నీకు కాదు. అన్నట్టు అది పెడల్‌బోర్డ్ 9 వోల్ట్స్ సప్లై మీద నడవదు, దానితో వచ్చే పెద్ద అడాప్టరే వాడాలి, మర్చిపోయి గిగ్‌కి వెళ్ళినవాళ్ళని నాకు తెలుసు, అంటే నేనే.

క్యాబ్ ఎంత తట్టుకుంటుందో కూడా చూడాలి. వింటేజ్ 30 ఒక్కోటి 60 వాట్స్, అదే కంపెనీ గ్రీన్‌బ్యాక్ స్పీకర్ ఐతే 25 మాత్రమే. రెండు గ్రీన్‌బ్యాక్స్ ఉన్న క్యాబ్ అంటే మొత్తం 50, దాని మీద 170 పెట్టి నాబ్ తిప్పితే క్లీన్‌లో బతుకుతుందేమో కానీ ఫుల్ డిస్టార్షన్‌లో వాయిస్ కాయిల్ (స్పీకర్ లోపలి తీగచుట్ట) వేడెక్కి పోతుంది, ఎందుకంటే డిస్టార్షన్‌లో సగటు పవర్ దాదాపు పీక్ దాకా ఉంటుంది, స్పీకర్‌కి ఊపిరి తీసుకునే గ్యాప్ దొరకదు.

కొనే ముందు ఇంకో మాట, నువ్వు వాయించే చోట్ల ఏముందో చూశావా? కెఫేలో మంచి పీఏ (జనానికి వినిపించే సౌండ్ సిస్టమ్), నీకో మానిటర్ (నీ వైపు తిరిగిన స్పీకర్) ఉంటే అసలు పవర్ యాంప్ లేకుండానే గడుస్తుంది. రెంట్ బ్యాక్‌లైన్‌లో, అంటే అక్కడ అద్దెకిచ్చే యాంప్‌లలో, రోలాండ్ జేసీ-120 లాంటిది ఇస్తే దాని వెనక ఎఫెక్ట్స్ లూప్ రిటర్న్ జాక్‌లో నీ స్టాంప్ గుచ్చెయ్, ప్రీయాంప్ (టోన్ తయారుచేసే ముందు భాగం) బైపాస్ ఐపోయి దాని పవర్ యాంప్, స్పీకర్లు నీవైపోతాయి. బాస్ కటానా 50 ఎంకే2 లో కూడా పవర్ యాంప్ ఇన్ అనే జాక్ ఉంది, ఫ్రెండ్ దగ్గర ఉంటే ఒక వారం అలా వాయించి చూడు, నచ్చితేనే కొను. ముందు ఇన్‌పుట్‌లో మాత్రం గుచ్చకు, యాంప్ మీద యాంప్ పడి బురద ఐపోతుంది.

ఇక సెట్టింగ్. నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ "అన్నా కొత్త పవర్ యాంప్ కొన్నా, దుప్పటి కప్పినట్టుంది సౌండ్" అనేవే, నూటికి తొంభై సార్లు ఒకటే కారణం, స్టాంప్ లోపల స్పీకర్‌ని నకలు చేసే క్యాబ్ బ్లాక్ ఆన్‌లో ఉంటుంది. ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో చేసుకున్న ప్యాచ్‌లో (సేవ్ చేసిన సౌండ్ సెట్టింగ్‌లో) ఐఆర్ అనే ఫైల్ ఉంటుంది, అది స్పీకర్‌ని, మైక్‌ని నకలు చేసేది, దాన్ని మళ్ళీ నిజం గిటార్ స్పీకర్‌లోకి పంపితే స్పీకర్ మీద స్పీకర్, 5 కిలోహెర్ట్జ్ పైన గిటార్ స్పీకరే కోసేస్తుంది, ఐఆర్ ఇంకోసారి కోస్తుంది, ఇంకేం మిగులుతుంది. నీ క్యాబ్‌లోకి వెళ్ళే దారిలో ఐఆర్ ఉండకూడదు, జనానికి వినిపించే మిక్సర్ దారిలో ఐఆర్ ఉండాలి. రెండూ ఒకేసారి ఎలా అంటే, స్టాంప్‌లో క్యాబ్ బ్లాక్‌ని డిలే రివెర్బ్ తర్వాత అన్నిటికన్నా చివరికి జరుపు, మోనోలో అలా జరిపితే సౌండ్ తేడా తెలీదు, దాని ముందు సిగ్నల్‌ని బయటికి పంపే సెండ్ బ్లాక్ ఒకటి పెట్టు. సెండ్ జాక్ నుంచి పవర్ యాంప్‌కి, మెయిన్ అవుట్ నుంచి డీఐ (సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె) ద్వారా మిక్సర్‌కి. ఒక బ్లాక్ ఖర్చవుతుంది కానీ స్టేజ్ మీద సౌండ్ పవర్ యాంప్ నాబ్‌తో, జనం వినేది ఫేడర్‌తో, రెండూ విడివిడిగా ఉంటాయి, సౌండ్ అతను "గిటార్ తగ్గించు" అని అరిచినా నీ స్టేజ్ సౌండ్ నీకుంటుంది.

రెండో సంగతి, ఫుల్ యాంప్ మోడల్ వాడాలా ప్రీయాంప్ మోడల్ వాడాలా. క్లాస్ డీ పెడల్ దాదాపు ఫ్లాట్‌గా ఉంటుంది, తన రంగు పెద్దగా కలపదు, కాబట్టి ఫుల్ యాంప్ మోడలే వాడు, లేకపోతే ట్యూబ్ పవర్ సెక్షన్ ఇచ్చే ఆ కుదింపు, ఆ సాగుడు అస్సలు రావు. ట్యూబ్ పవర్ యాంప్‌లోకి వెళ్ళేవాళ్ళకే ప్రీయాంప్ మోడల్. ఐనా సరే మొదటి రోజు క్లాస్ డీ సౌండ్ కొంచెం బిగుసుకుపోయినట్టు, చెక్కలా అనిపిస్తుంది. దానికి కారణం ఉంది. ట్యూబ్ యాంప్‌కి స్పీకర్ మీద పట్టు వదులు, అందుకే స్పీకర్ తన రెజొనెన్స్ దగ్గర, అంటే 80, 100 హెర్ట్జ్ ప్రాంతంలో కాస్త ఉబ్బుతుంది, పైన ట్రెబుల్‌లో కూడా లేస్తుంది. ట్రాన్సిస్టర్ ఆ ఉబ్బుని పట్టి ఉంచుతుంది. పవర్ యాంప్ మీద బేస్ ఒక పిసరు, ట్రెబుల్ ఒక పిసరు పెంచితే చాలావరకు ఆ ప్రాణం తిరిగొస్తుంది. ట్యూబ్‌కీ దీనికీ తేడా కళ్ళు మూసుకుని చెప్పేస్తా అనేవాళ్ళుంటారు, డ్రమ్స్ మొదలయ్యాక చెప్పమను.

లెవెల్స్ గురించి పొట్టిగా చెప్తా. స్టాంప్ గ్లోబల్ సెట్టింగ్స్‌లో ఆ సెండ్‌ని లైన్ లెవెల్‌లో పెట్టు, పవర్ యాంప్ నాబ్ సున్నాలో పెట్టి ఆన్ చెయ్, నీ ప్యాచ్‌లలో అన్నిటికన్నా గట్టిగా ఉండే క్లీన్ ప్యాచ్ తీసుకుని గట్టిగా కొడుతూ మెల్లగా 12 గంటల దాకా తీసుకురా. చితికిపోతే స్టాంప్‌లో తగ్గించు, చాలకపోతే అక్కడే పెంచు. సోలో బూస్ట్‌ని యాంప్ మోడల్ తర్వాత పెట్టు, 3 డీబీ చాలు, ముందు పెడితే డిస్టార్షన్ పెరుగుతుంది కానీ సౌండ్ పెరగదు.

ప్యాచ్‌లు మాత్రం ఇంట్లో చేసినవి గిగ్‌లో పనిచెయ్యవు, ఇది ఎంత చెప్పినా ఎవరూ వినరు. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించారు, సౌండ్ తక్కువున్నప్పుడు మన చెవికి బేస్ సరిగ్గా అందదు, పై ట్రెబుల్ కూడా కొంత తగ్గుతుంది. అందుకే రాత్రి పక్కింటివాళ్ళు తిట్టకుండా చిన్నగా పెట్టుకుని చేసిన ప్యాచ్‌లో మనకి తెలీకుండానే బేస్, ట్రెబుల్ ఎక్కించేస్తాం, మిడ్స్ తీసేస్తాం. అదే ప్యాచ్ కెఫేలో 100 డీబీ దగ్గర వాయిస్తే బేస్ బొంగురుగా మోగుతుంది, ట్రెబుల్ చెవిలో గుచ్చుతుంది, డ్రమ్స్ మొదలుకాగానే గిటార్ మాయం. రిహార్సల్ రూమ్‌లో గంట ఎక్కువ తీసుకుని గిగ్ వాల్యూమ్‌లోనే ప్యాచ్‌లు చెయ్, 100 హెర్ట్జ్ కింద కోసెయ్ అది బేస్ వాయించేవాడి జాగా, 500 నుంచి 1500 దాకా ఉన్న మిడ్స్ నీ అన్నం ముద్ద, అది ఎవరికీ ఇవ్వకు. ఒంటరిగా వింటే ముక్కుతో పాడినట్టు అనిపిస్తుంది, బ్యాండ్‌లో కరెక్ట్‌గా కూర్చుంటుంది.

క్యాబ్ ఎక్కడ పెడతావన్నది కూడా అంతే ముఖ్యం. 12 అంగుళాల స్పీకర్ ట్రెబుల్‌ని టార్చ్‌లైట్‌లా తిన్నగా కొడుతుంది, నేల మీద పెడితే ఆ టార్చ్ నీ మోకాళ్ళకి, ముందు టేబుల్‌లో కాఫీ తాగే వాళ్ళ మొహానికి తగులుతుంది. నీకు వినపడక పెంచుతావు, వాళ్ళు చెవులు మూసుకుంటారు, మేనేజర్ వచ్చి నిలబడతాడు. ఒక కెఫేలో ఇలాగే మూడుసార్లు తగ్గించమన్నారు, నాలుగోసారికి కిచెన్ నుంచి ప్లాస్టిక్ క్రేట్ రెండు అడుక్కుని దాని మీద క్యాబ్ పెట్టి నా చెవి వైపు వంచా, నాబ్ సగానికి దించినా నాకు ముందుకన్నా బాగా వినపడింది. నేల నుంచి లేపితే బేస్ కూడా శుభ్రమౌతుంది, మూలలో గోడకి ఆనించి పెడితే మళ్ళీ బొంగురు వస్తుంది.

కేబుల్ దగ్గర పొదుపు చెయ్యకు. పవర్ యాంప్ నుంచి క్యాబ్‌కి స్పీకర్ కేబుల్ వాడాలి, గిటార్ కేబుల్ కాదు, రెండిటి జాక్ ఒకేలా ఉంటుంది కాబట్టే గొడవ. గిటార్ కేబుల్ లోపల సన్నటి తీగ చుట్టూ షీల్డ్ ఉంటుంది, స్పీకర్ కేబుల్‌లో సమానంగా ఉన్న రెండు లావు తీగలుంటాయి. ఒక సంగీత్ ఫంక్షన్‌లో స్పీకర్ కేబుల్ మర్చిపోయి గిటార్ కేబుల్‌తో లాగించా, మూడో పాటకి ప్లగ్ పట్టుకుంటే వేడిగా ఉంది, ఐదో పాటలో సౌండ్ పోయింది, పెళ్ళికూతురు వాళ్ళ నాన్నగారు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఇంకోటి, ఈ క్లాస్ డీ యాంప్‌లలో చాలావాటికి స్పీకర్ అవుట్‌పుట్ మైనస్ అనేది గ్రౌండ్ కాదు, రెండు తీగల్లోనూ సిగ్నల్ ఉంటుంది. ఆ జాక్‌ని మిక్సర్‌లో కానీ హెడ్‌ఫోన్స్‌లో కానీ ఎప్పుడూ గుచ్చకు.

చర్చ్‌లో, ఊళ్ళో ఫంక్షన్లలో అహూజా యాంప్ ఉంటుంది కదా, వెనక స్క్రూ టెర్మినల్స్‌లో 4, 8, 16 ఓమ్స్‌తో పాటు 70, 100 వోల్ట్స్ అని కూడా ఉంటాయి. ఆ వోల్ట్స్ లైన్ హాల్ అంతా తగిలించే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్పీకర్లకి, హారన్‌లకి. నీ యాంప్ ఎప్పుడైనా పోయి ఆ రోజు గడవాలంటే దాని ఆక్స్ ఇన్‌పుట్‌లోకి స్టాంప్ పంపి 8 ఓమ్స్ టెర్మినల్ నుంచి 8 ఓమ్స్ క్యాబ్‌కి వెళ్ళొచ్చు, వాల్యూమ్ కింద నుంచి మొదలుపెట్టాలి. పొరపాటున 100 వోల్ట్స్‌కి కడితే నీ స్పీకర్ గానీ, వాళ్ళ యాంప్ గానీ, ఏదో ఒకటి పోతుంది.

కరెంట్ సంగతి కాస్త వివరంగా చెప్పనీ. అమెరికా నుంచి బావగారో ఎవరో తెస్తున్న పెడల్ ఐతే వెనక స్టికర్ చదివించు, 100 నుంచి 240 అని ఉంటే ఇక్కడ నేరుగా పెట్టుకో, 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్ట్స్‌లో పెట్టిన క్షణమే పోతుంది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అంతకన్నా ముఖ్యం ఎర్త్. మైక్‌కి పెదవి తగిలితే షాక్ కొట్టిన అనుభవం మన దగ్గర స్టేజ్ ఎక్కిన ప్రతి గిటారిస్ట్‌కీ ఉంటుంది, అందరూ నవ్వేసి ఊరుకుంటారు. 1972లో స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వీ స్వాన్సీలో స్టేజ్ మీద మైక్ పట్టుకుని షాక్‌తోనే చనిపోయాడు. గిటార్ తీగలు నీ యాంప్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి, మైక్ పీఏ ఎర్త్‌కి, రెండూ వేరు వేరు సాకెట్లు, ఒకదానికి ఎర్త్ లేకపోతే ఆ తేడా అంతా నీ ఒంట్లోంచి వెళ్తుంది. నా యాంప్, పెడల్స్ అన్నీ పీఏ పెట్టిన సాకెట్ లైన్ నుంచే ఒక మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డ్‌తో తీసుకుంటా, సౌండ్ చెక్‌లో మైక్ జాలీకి, గిటార్ తీగకి మధ్య మల్టీమీటర్ ఏసీలో పెట్టి చూస్తా. పదుల వోల్ట్స్ చూపిస్తే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా వాయించను. హమ్ వస్తోందని మూడో పిన్ను విరిచేసేవాళ్ళున్నారు, అది మాత్రం చెయ్యకు, మిక్సర్‌కి వెళ్ళే డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది, దానితో చాలావరకు పోతుంది.

ఆ మల్టీమీటర్ ఎలాగూ కొంటావు కాబట్టి ముందు నీ క్యాబ్ మీదే వాడు. క్యాబ్‌లో స్పీకర్ కేబుల్ గుచ్చి, రెండో చివర దేనికీ తగిలించకుండా, ఆ ప్లగ్ కొనకి, దాని పొడుగు మెటల్ భాగానికి మీటర్ తగిలించి ఓమ్స్‌లో చూడు. మీటర్ చూపించేది లేబుల్ నంబర్ కన్నా కొంచెం తక్కువుంటుంది, 3 చిల్లర వస్తే అది 4 ఓమ్స్ క్యాబ్, 6 లేదా 7 వస్తే 8, 12 లేదా 13 వస్తే 16. అసలేమీ రాకపోతే లోపల వైరో స్పీకరో తెగిందన్నమాట. వెనక చెక్క విప్పి స్పీకర్ల మీద ఏం రాసుందో కూడా ఫోటో తీసి పంపు. రెండూ 8 ఓమ్స్ స్పీకర్లై, మీటర్ 13 చూపిస్తే సిరీస్‌లో (ఒకదాని తర్వాత ఒకటిగా) కట్టారని అర్థం, దాన్ని పారలల్‌కి (పక్కపక్కన) మారిస్తే 4 ఐపోతుంది, పావుగంట సోల్డరింగ్ పని, అప్పుడు పవర్‌స్టేజ్ 170లో నువ్వు డబ్బు పెట్టిన 170 నీకు అందుతుంది. ఐతే అలా మార్చే ముందు ఆ స్పీకర్లు ఒక్కోటి ఎన్ని వాట్స్ తట్టుకుంటాయో చెప్పు, గ్రీన్‌బ్యాక్స్ ఐతే సిరీస్‌లోనే ఉండనీ.